గ్రాంటు రోడ్డులో రెండు బజార్లు

బొంబాయిలో గ్రాంటు రోడ్డు స్టేషను దిగి తూర్పు వైపు వెలుపలికి వస్తే, అరగంట నడకలో రెండు బజార్లు వున్నాయి. మొదటిది లామింగ్టన్ రోడ్డు. అక్కడ కొత్త సామాను అమ్ముతారు. రెండవది మటన్ వీధి. లోకం దాన్ని చోర్ బజారు అంటుంది. అక్కడ పాత సామాను అమ్ముతారు. పాట వినే యంత్రం కొనదలచినవాడికి యీ రెండు బజార్ల మధ్య ఒక చిక్కు ప్రశ్న వుంది. చేతిలో వున్న డబ్బుతో మధ్యరకం యంత్రం కొత్తది కొనడమా? లేక అదే డబ్బుకు, ఒకప్పుడు శ్రీమంతుల హాళ్ళలో వెలిగిన మేలురకం యంత్రం పాతది కొనడమా? ఆ ప్రశ్న మూటకట్టుకుని మేము ముగ్గురం షోలాపురం నుంచి వెళ్ళి వచ్చాము. ఊరి పేరు 1995లో ముంబయి అయింది గాని, మన ఇళ్ళలో అది ఇంకా బొంబాయే గనుక ఇక్కడా అలాగే రాస్తున్నాము.

ముందు పని ఏమిటో చెప్పాలి. మా సంఘం గ్రంథాలయంలో రెండు ట్రంకు పెట్టెలు వున్నాయి. సభ్యులలో చాలామంది వాటిని చూసే వుంటారు. ఒకదానిలో లక్కతో చేసిన పాత 78 రికార్డులు, రెండవదానిలో ఎల్.పి.లు. నాటక పద్యాలు, హరికథలు, సినిమా పాటలు, ఘంటసాల భగవద్గీత. మిల్లుల్లోను మగ్గాల మీదను బతికిన పెద్దలు పండుగ బోనసు డబ్బుతో ఒక్కొక్కటే కొని, ఆఖరుకు సంఘానికి ఇచ్చిపోయినవి అవి. వాటిని వినడానికి మాకు యంత్రం లేదు. మా పిల్లలలో చాలామంది మరాఠీ బళ్ళలోనో ఇంగ్లీషు బళ్ళలోనో చదువుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని తెలుగు అక్షరం చదవలేరు. ఈ పత్రిక ఇస్తే బొమ్మలు చూసి పక్కన పెడతారు. అదే పద్యం వినిపిస్తే నిలబడి వింటారు. అందుచేత ఆ రెండు పెట్టెలు మాకు బీరువాలలోని పుస్తకాలకంటె తక్కువవి కావు.

ఫోనులో పాటలన్నీ దొరుకుతున్నాయి గదా అని యువకులు కొందరు అడిగారు. సినిమా పాటలు దొరుకుతున్న మాట నిజమే. పెట్టెలోని నాటక పద్యాలలో సగం మేము ఎంత వెదికినా దొరకలేదు. 400 ఇళ్ళవారు ఇంటికి 200 రూపాయల చొప్పున చందా ఇచ్చారు. మొత్తం 80,000 రూపాయలు. పదిమంది సొమ్ము గనుక, ఏది కొన్నామో, ఎందుకు కొన్నామో చెప్పుకోవలసిన బాధ్యత మా మీద వున్నది.

రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారి దాదరులో దిగి, పడమటి లైను బండి పట్టుకుని గ్రాంటు రోడ్డు చేరాము. 1835 నుంచి 1838 దాకా బొంబాయి గవర్నరుగా వున్న రాబర్ట్ గ్రాంటు పేరు ఆ రోడ్డుకు, స్టేషనుకు వచ్చింది. లామింగ్టన్ కూడా గవర్నరే; 1903 నుంచి 1907 దాకా. ఆ రోడ్డుకు ఇప్పుడు డాక్టర్ దాదాసాహెబ్ భడ్కంకర్ మార్గ్ అని పేరు. టాక్సీవాడితో ఆ పేరు చెబితే మాత్రం, లామింగ్టన్ రోడ్డేనా అని తిరిగి మనల్నే అడుగుతాడు.

లామింగ్టన్ రోడ్డు పొద్దున పది దాటితే గాని కళ్ళు తెరవదు. తెరిచిందంటే ఇక కాలు పెట్టడానికి చోటుండదు. కంప్యూటర్లు, కెమెరాలు, తీగలు, బల్బులు, గింజంత విడిభాగాలు. అరచేతి వెడల్పు దుకాణం మొదలుకొని అద్దాల హాలు దాకా. మేము మూడు దుకాణాలు ఎక్కి దిగాము. కుర్రవాళ్ళు మర్యాదగా కూర్చోబెట్టి, చల్లటి గదిలో కొత్త యంత్రాలు వినిపించారు. మధ్యరకం అంటే చిన్నచూపు చూడవలసినది కాదని మాకు అక్కడే తోచింది. పళ్ళెం నిశ్శబ్దంగా తిరుగుతున్నది. ముల్లు రికార్డు మీద మోపే బరువు రెండు గ్రాములు. చావి తిప్పి పాట పాడించే పాత గ్రామఫోనులో ఆ బరువు వంద గ్రాములకు పైగా వుండేది. అందుకే తాతలనాటి రికార్డులు కొన్ని అరిగి బూడిద రంగు తేలాయి. కొత్తదానికి రశీదు వుంది, గ్యారంటీ వుంది, ముల్లు అరిగితే కొత్త ముల్లు దొరుకుతుంది.

చిక్కు ఇంకొకచోట వచ్చింది. కొత్త యంత్రాలలో ఎక్కువ భాగం నిమిషానికి 33, 45 చుట్లు మాత్రమే తిరుగుతాయి. 78 లేదు. మన దేశంలో 78 రికార్డులు 1960ల చివరిదాకా వచ్చినా, వాటిని ఇప్పుడు వినేవాళ్ళు ఎందరు? తయారీదారులను తప్పు పట్టడానికి లేదు. మూడు వేగాలు వున్న కొత్త యంత్రాలు కూడా వున్నాయి. ఆ రోజు చూసినవాటిలో ఒకటి తగిలింది. కాని దాని ధర 35,000. సూట్‌కేసులా మూసే చవక యంత్రాలలోనూ 78 వుంటుంది. అయితే వాటిలో చాలావరకు ముల్లు బరువు ఎక్కువ, నాసిరకం. తరచు వినే రికార్డును అటువంటి ముల్లు కింద పెట్టకూడదు.

మరొక సంగతి కూడా అక్కడే రూఢి చేసుకున్నాము. 78 రికార్డు గాడి వెడల్పు. దానికి మొన గుండ్రన సుమారు అంగుళంలో వెయ్యోవంతులు మూడు వుండాలి. ఎల్.పి.కి ఒక వెయ్యోవంతు, అంతకు లోపు చాలు. ఎల్.పి. ముల్లు 78 మీద పెడితే, అది గాడి గోడలను తాకక అడుగున పేరుకున్న దుమ్ములో ఈడ్చుకుంటూ పోతుంది. చప్పుడు తప్ప పాట వుండదు. 78 ముల్లు ఎల్.పి. మీద పెడితే గాడినే తినేస్తుంది. కాబట్టి యంత్రం ఏదైనా ముళ్ళు రెండు కావాలి.

అక్కడి నుంచి తూర్పుగా నడిచాము. గ్రాంటు రోడ్డుకు ఇప్పటి పేరు మౌలానా షౌకత్ అలీ మార్గ్. కొంత దూరం పోగానే ఎడమచేతి వైపు సందులు మొదలవుతాయి. సందులకు పేర్లు కాక నంబర్లు. అది కామాఠీపుర. ఆ పేరు వినగానే ముఖం తిప్పుకునేవారు మనలోనే వున్నారు. పేరు ఎక్కడిదో తెలిస్తే తిప్పుకోరు. నైజాము రాజ్యపు తెలుగు తాలూకాల నుంచి పద్ధెనిమిదో శతాబ్దం చివర మొదలుకొని కూలికి వచ్చిన తాపీపనివారు, మట్టిపనివారు అక్కడ కాపురం పెట్టారు. వాళ్ళను ఇక్కడివారు కామాఠీలు అన్నారు. బొంబాయి రోడ్లకు, మేడలకు రాళ్ళు మోసిన చేతులు అవి. తరువాత ఆ పేట మీద పడిన అపకీర్తి ఆ కట్టినవారిది కాదు. నీళ్ళ పంపు దగ్గర ఇద్దరు ముసలమ్మలు తెలుగులో తగవు పడుతుంటే మేము ముగ్గురం తెలియకుండానే నడక తగ్గించాము.

మరికొంత దూరం పోయి కుడివైపు తిరిగితే మటన్ వీధి. ఇది పూర్వం శోర్ బజారు, అంటే గోల బజారు; దొరల నోట పడి చోర్ అయిందని ఒక కథ చెబుతారు. శుక్రవారం దుకాణాలు మూసి వుంటాయి, ఆ రోజు వీధిలోనే పాత సామాను పరుస్తారు. మేము వెళ్ళింది శనివారం. ఇత్తడి దీపాలు, సినిమా పోస్టర్లు, ఓడల గడియారాలు, పింగాణీ, మోటారు భాగాలు. వాటి మధ్య మనకు కావలసిన సామాను. 1991కి ముందు విదేశీ యంత్రం దిగుమతి సులువు కాదు. ఓడలలో పనిచేసేవారు, అరబ్బు దేశాలకు పోయి వచ్చినవారు, విదేశాల నుంచి కాపురం ఎత్తివచ్చినవారు సామానుతోపాటు తెచ్చుకున్నవే ఎక్కువ. ఆ ఇళ్ళు చేతులు మారినప్పుడు యంత్రాలు యీ వీధికి వస్తాయి.

ఇత్తడి బూరతో వున్న గ్రామఫోనులు తళతళలాడుతూ వరసగా కనిపించాయి. వాటి జోలికి పోవద్దని సభ్యులకు మనవి. కొత్త బూర, కొత్త పెట్టె, ఎక్కడివో పాత భాగాలు కలిపి అలంకారానికి కట్టినవి దేశమంతటా అమ్ముడుపోతున్నాయి. హాలులో పెట్టుకోవడానికి బాగుంటాయి. రికార్డు వాటి కింద పెడితే రికార్డు పోతుంది.

ఒక దుకాణంలో గడ్డం నెరిసిన పెద్దమనిషి కూర్చుని వున్నాడు. "రండి సేఠ్, చూడటానికి డబ్బు లేదు" అన్నాడు. జపాను ఆంప్లిఫయరు ఒకటి చూపించాడు. ముందుభాగం వెండిరేకు, చేతికి నిండుగా తిరిగే బిరడాలు, ఎత్తితే పదిహేను కిలోలు. ఇటువంటిది కొత్తగా కొనాలంటే మా చందా ఎన్ని రెట్లు కావాలో! వెనక్కు తిప్పి చూస్తే రేకు మీద 100 వోల్టులు అని వుంది. అది జపానులో ఇంటివాడకానికి చేసినది. మన 230 వోల్టుల కరెంటుకు నేరుగా తగిలిస్తే లోపలిదంతా పోతుంది. వేరే ట్రాన్స్‌ఫార్మరు కావాలి. "చాచా, ఇది ఎక్కడిది?" అంటే, "దేవుడికి తెలుసు" అని నవ్వాడు.

స్పీకర్ల జత ఒకటి చూశాము. టేకు పెట్టె, పెద్ద ఇంగ్లీషు పేరు. గుడ్డ తీసి చూస్తే, కాగితపు శంఖం చుట్టూ వుండే స్పాంజి అంచు వేలు తగలగానే పిండిలా రాలింది. ఆ స్పాంజి పదిహేను, ఇరవై ఏళ్ళకు మించి నిలవడం అరుదు. సముద్రపు గాలిలో మరీ కష్టం. రబ్బరు అంచు అయితే ఎక్కువకాలం వుంటుంది. కొనేవారు గుడ్డ తీయమని అడగాలి. తీయనంటే లేచి రావాలి.

ఆఖరున మూల నుంచి గోనెపట్టా తీసి ఒక పళ్ళెం యంత్రం చూపాడు. స్విట్జర్లాండులో చేసిన లెంకో ఎల్-75. 1960ల చివరి సరుకు. పళ్ళెం ఒక్కటే దాదాపు నాలుగు కిలోలు. వేగం మార్చడానికి అంచెలు కాక పొడుగాటి మీట. జరుపుకుంటూ పోతే 16 నుంచి 78 దాటి ఎంతకు కావాలంటే అంతకు. పాత రికార్డులకు ఇది వరం. 78 అని పేరేగాని, తొలినాళ్ళ రికార్డులు సరిగ్గా 78 వద్ద చేసినవి కావు. కొంచెం అటూ ఇటూ వుండేవి. గాయకుడి శ్రుతి సరిపోయేదాకా మీట జరుపుకోవచ్చు. ఇంకొక లాభం కూడా వుంది. అమెరికా కరెంటు సెకనుకు 60 సార్లు మారుతుంది, మనది 50. అక్కడి మోటారుకు తగ్గ చక్రంతో వచ్చిన పాత యంత్రం ఇక్కడ ఆరోవంతు నెమ్మదిగా తిరుగుతుంది. 78 కాస్తా 65 అయి, ఆడగొంతు మగగొంతు అవుతుంది. మీట వున్నదానికి ఆ బాధ లేదు. చాచా 30,000 చెప్పాడు. మేము ఆలోచించుకుని వస్తామన్నాము.

ఆలోచన మాది కాదు, మరమ్మతు చేసేవాడిది. లామింగ్టన్ రోడ్డు పక్క సందులో మెట్లెక్కితే ఒక చిన్న గది. నలభై ఏళ్ళుగా ఆంప్లిఫయర్లు బాగుచేస్తున్న మనిషి అక్కడ వున్నాడని షోలాపురంలోనే విన్నాము. మేము మాలో మేము మాట్లాడుకోవడం విని ఆయన టంకం కడ్డీ కింద పెట్టాడు.

"తెలుగోళ్ళా? ఏ ఊరు తమ్మీ?"

"షోలాపురం, కాకా."

"మా తాతది కరీంనగర్ దిక్కు. నేను ఇక్కడనే పుట్టిన. కూసోండి."

చాయ్ వచ్చింది. మా ప్రశ్న చెప్పాము. ఆయన చెప్పిన జవాబు కోసమే యీ వ్యాసం రాస్తున్నామనుకున్నా తప్పులేదు.

"పాతదా కొత్తదా అని అడుగుతున్నరు. అట్ల గాదు. ఖరాబైతే ఎవరు చేస్తరు అని అడుగుండ్రి. చేసేటోడు ఊర్ల వుంటే పాతది మంచిది. లేకుంటే కొత్తది మంచిది."

ఆయన బల్ల మీద విప్పిన యంత్రం చూపుతూ ఒక్కొక్కటే వివరించాడు. ఇనుము, రాగితీగ, కొయ్య, ఇవి ముసలివి కావు. ట్రాన్స్‌ఫార్మరు యాభై ఏళ్ళైనా వుంటుంది. కండెన్సర్లలోని తడి ఇరవై, ముప్పై ఏళ్ళలో ఆరిపోతుంది; అప్పుడు గుయ్యిమనే చప్పుడు మొదలవుతుంది. అవి మార్చవచ్చు. పాత ట్రాన్సిస్టర్లు చాలా రకాలు తయారవడం మానేశాయి. ఆ పేర్లు ముద్రించిన నకిలీలు బజారులో వున్నాయి, వేస్తే మళ్ళీ కాలిపోతాయి. సి.డి. యంత్రంలో కన్ను పోతే, ఆ కన్ను దొరక్కపోతే, ఎంత ఖరీదైనదైనా అది బరువైన పెట్టె మాత్రమే. పళ్ళెం యంత్రం మాత్రం సైకిలు వంటిది. ఇరుసు, నూనె, రబ్బరు చక్రం, మోటారు. చూస్తే తెలుస్తుంది, చేత్తో చేయవచ్చు.

ఆ మాటతో మాకు మన ఊరు గుర్తుకు వచ్చింది. పాత మరమగ్గం కొనేవాడు ముందుగా మేస్త్రీని వెంటబెట్టుకుపోతాడు గాని, రంగు చూసి బేరమాడడు. ఇరుసు గట్టిగా వుంటే, మేస్త్రీ తల వూపితే, ముప్పై ఏళ్ళనాటి మగ్గమైనా ఇంటికి వస్తుంది. లేతు మీద ఇరుసు తిప్పేవాళ్ళు, రబ్బరు పోసేవాళ్ళు షోలాపురంలో వీధికి ఒకరు. వాళ్ళు లెంకోను విప్పి బిగించగలరు. పాత జపాను ఆంప్లిఫయరును విప్పి బాగుచేయగలవారు మాకు తెలిసి మన ఊళ్ళో లేరు. పదిహేను కిలోల పెట్టెను ప్రతిసారీ రైలులో బొంబాయి మోసుకురావడం ఎవరి తరం? కాకాకు కూడా వయస్సు మీరింది. ఆయన పని నేర్చుకోవడానికి ఎవరూ కూర్చోవడం లేదని ఆయనే అన్నాడు.

అందుచేత మేము ప్రశ్ననే రెండు ముక్కలు చేశాము. కదిలే భాగం పాతది, కరెంటు భాగం కొత్తది. మర్నాడు కాకాను వెంటబెట్టుకుని మటన్ వీధికి వెళ్ళాము. ఆయన పళ్ళెం తీసి, ఇరుసు వేలితో తిప్పి, రబ్బరు చక్రం మీద గోరుతో నొక్కి చూశాడు. ముల్లుచేతిని మోసే రబ్బరు దిమ్మెలు పొడి అయిపోయాయి. ఆ నమూనాకు అది తెలిసిన జబ్బేనట. ఆ లోపం చూపి బేరం చేస్తే చాచా 22,000కు దిగాడు. దిమ్మెలు, తీగలు మార్చి, నూనె వేయడానికి కాకా 6,000 తీసుకున్నాడు. ముళ్ళు రెండింటికి 4,000. లామింగ్టన్ రోడ్డులో కొత్త ఆంప్లిఫయరు 24,000, కొత్త స్పీకర్ల జత 21,000. ఆంప్లిఫయరుకు ఫోనో అని రాసిన ద్వారం వుండేలా చూసుకున్నాము. అది లేకపోతే రికార్డు గొంతు పీలగా వినిపిస్తుంది. మొత్తం 77,000. మిగిలిన 3,000 కోశాధికారిగారికి అప్పగించాము. రైలు ఖర్చులు మావే.

మేలురకం పాత సామాను కొన్నవాడు సామానుతోపాటు దాన్ని కాపాడే పనిని కూడా కొంటాడు. ఆ పని చేసే చేతులు దగ్గర వున్నంతకాలమే అది లాభం. మధ్యరకం కొత్త సామాను కొన్నవాడు గ్యారంటీ వున్నన్నాళ్ళ నిశ్చింతను కొంటాడు. ఆ తరువాత అతని దారి కూడా మరమ్మతు గది మెట్లకే పోతుంది. ఇళ్ళలో కొనదలచిన సభ్యులు ధర అడిగే ముందు మేస్త్రీని వెదుక్కోవాలి. అదీగాక, పెద్ద పేరున్న పాత యంత్రాలకు ఇప్పుడు సేకరణదారులు కొత్తవాటికంటె ఎక్కువ ధర పెడుతున్నారు. పేరుకు డబ్బు పోసేవాళ్ళతో పోటీ మనకు వద్దు. ఇంకొక విన్నపం. చదువు మీద మనసు నిలవక, విప్పడం బిగించడంలో చేయి తిరిగిన కుర్రవాళ్ళు మన పేటలో వున్నారు. వారిలో ఒకరిద్దరిని సెలవులలో కాకా దగ్గర కూర్చోబెట్టాలని మా కోరిక. ఆయన సరేనన్నాడు; పంపవలసింది మనం.

యంత్రం గ్రంథాలయంలో అమర్చాము. ప్రతి ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు వినవచ్చు. మీ ఇళ్ళలో పాత రికార్డులు వుంటే తీసుకురండి. తెచ్చేలోపల వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చవద్దు. పుస్తకాల మాదిరి నిలబెట్టండి. ఎండ తగలనివ్వవద్దు. 78 రికార్డులను స్పిరిటుతో తుడవవద్దు. లక్క స్పిరిటులో కరిగిపోతుంది, దానితోపాటు గొంతు కూడా పోతుంది. పొడి మెత్తటి బ్రష్షుతో గాడి వెంట దులిపి, పాత పంచె ముక్కలో చుట్టి తెండి.